స్పెయిన్ కులీనతా పత్రం: ముద్ర ఊడిపోయిన ప్రతి ఏ న్యాయస్థానానిదో తేల్చడం ఎలా?

రెండవ ఫిలిప్ (1556–1598) పేరుతో మొదలయ్యే ఒక స్పానిష్ తోలుపత్ర గ్రంథం విషయంలో తెలిసినవారి సాయం కోరుతున్నాను. మొదటి పుటలో మరియమాత ఎదుట మోకరిల్లిన కుటుంబం, కింద బంగారు పూతతో వంశచిహ్నం ఉన్నాయి. సీసపు ముద్ర ఊడిపోగా, దాన్ని వేలాడదీసిన పట్టుదారపు పోగులు మాత్రం మిగిలాయి. పన్ను మినహాయింపు కోసం వ్యాజ్యం నడిపి గెలిచిన హిదాల్గో (దిగువ శ్రేణి కులీన) కుటుంబాలకు రాజన్యాయస్థానాలు ఇచ్చిన 'ఎహెకుతోరియా' ఇదేనని నా అభిప్రాయం (బొమ్మల సొగసు దగ్గరే ఆగిపోతాం గానీ, లోపల చాలావరకు సాక్షుల వాంగ్మూలాలే). అయితే ఊరి పేరున్న చోటే చెమ్మ తగిలి సిరా అలుక్కుపోయింది. తాహో నదికి ఉత్తరాన వయ్యాదోలిద్, దక్షిణాన గ్రనాదా న్యాయస్థానాల పరిధి కాబట్టి, ఊరు తెలియకుండానే ఆ రెంటిలో ఏదో తేల్చే ఆనవాలు చివరి సంతకాల్లో గానీ, లిపిలో గానీ దొరుకుతుందా? వయ్యాదోలిద్ పత్రాగారంలోని నకళ్లలో ఇంటిపేరుతో వెతికేటప్పుడు పాత వర్ణక్రమాన్ని ఎలా సరిచూసుకోవాలి?