అరవైల నాటి మిద్దెల కోసం నెలనెలా కలుద్దామా? నెల్లూరోళ్ళు చెప్పండి

పెన్నాగట్టు:
పోయిన ఆదివారం పొగతోటలో నడుస్తుంటే ఇంకో మిద్దె కొట్టేస్తున్నారు. పిట్టగోడ మీద సిమెంటుతో 1961 అని పోసుంది. అందులో 19 అప్పటికే కింద పడింది, 61 మాత్రం గోడకు వేలాడుతోంది. వంపు తిరిగిన పోర్టికో, కిటికీల మీద పలచటి సన్‌షేడ్, మెట్ల పక్కన పైదాకా సిమెంట్ జాలీ. నా చిన్నప్పుడు మా వీధిలో ఇలాంటివి ఎనిమిది ఉండేవి. ఇప్పుడు రెండు.

నెలకో ఆదివారం పొద్దున్నే ఒక ఇంటి ముందు కలుద్దాం. టీ తాగుదాం, ఫొటోలు తీద్దాం, ఆ ఇల్లు ఎట్టా కట్టారో తెలిసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ చేత చెప్పిద్దాం. అమెరికాలో పామ్ స్ప్రింగ్స్ అనే ఎడారి ఊరు 2006 నుంచి ఏటా ఫిబ్రవరిలో ఇదే చేస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇరవై, ముప్పై ఏళ్ళలో కట్టిన ఇళ్ళను జనం టికెట్టు కొని మరీ చూస్తారు. బల్లపరుపు కప్పు, నిలువెత్తు అద్దాలు, ఇల్లెక్కడ అయిపోయి దొడ్డెక్కడ మొదలైందో తెలియని కట్టుబడి. దానికి మిడ్ సెంచురీ మోడర్న్ అని పేరు. మన మిద్దెలు వాటికి దూరపు చుట్టాలు. ఏమంటారు?

మూలాపేట మిద్దె:
ఆ చుట్టాల్లో ఒకరింట్లోనే నేను ఉంటున్నా అబ్బయ్యా. 1964లో మా తాత కట్టించింది. నవంబరు వానలకు హాల్లో మూడు చోట్ల బకెట్లు పెడతాం. రోహిణీ కార్తెలో పై గదిలోకి పోతే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే. అన్నదమ్ములం ముగ్గురం. బిల్డరుకిస్తే తలా ఒక ఫ్లాటు వస్తుంది. మీరొచ్చి టీ తాగి, ఫొటో తీసి, ‘అయ్యో కొట్టేస్తున్నారంట’ అని పెడతారు. ఆ తర్వాత ఎవడో దీన్ని వారసత్వ కట్టడం అంటాడు. ఇక నా ఇంటి పిట్టగోడ మార్చుకోవాలన్నా నేను అర్జీ పట్టుకుని తిరగాలి. నడుచుకోండి, మా వీధి మాత్రం వద్దు.

కాఫీ హోటల్ మూల బల్ల:
రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర కాలు పెట్టే చోటుండదు. సిమెంట్ జాలీ చూడ్డానికి ఆరుగురొస్తే గొప్ప. వాళ్ళలో నలుగురు టీ కోసం.

ఒంగోలు కాపురం:
ఆరుగురితోనే మొదలుపెట్టండి, తప్పేముంది?

మూలాపేటాయన భయం అర్థమవుతోంది గానీ, జరుగుతున్నది దానికి తలకిందులు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాల ఉండేది, 1972 నాటిది. ప్రపంచంలో పేరున్న కట్టడం. దాన్నే 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి కూల్చేశారు. అరవై ఏళ్ళు నిండనిదాన్ని వారసత్వం కింద చూడం అన్నారు. అంతటిదానికే దిక్కులేకపోతే మన పిట్టగోడ జోలికి ఎవరొస్తారు?

ఇంకోటి. నెల్లూరు 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రం. ఆ మోజు ఈ బంగళాల మీద ఉంది, ఒప్పుకుంటా. మా ఒంగోలు అట్టా కాదు. 1970లో జిల్లా ఏర్పడ్డాకే ఊరికి ఊపొచ్చింది. మా దగ్గర కలవాల్సింది బంగళాల ముందు కాదు, ప్రభుత్వ క్వార్టర్ల ముందు. నేను పెరిగింది వాటిలోనే. రెండు గదులు, వంటింట్లో మార్కాపురం పలక నేల, వెనక గోడలో నాలుగు జాలీ బిళ్ళలు. సాయంత్రం సముద్రం గాలి తిరిగితే ఆ నాలుగు బిళ్ళల్లోంచే ఇల్లంతా చల్లబడేది. మా అమ్మ అన్నం గిన్నె తెచ్చి వాటి కింద పెట్టేది.

సైట్ ఇంజినీరు:
ఇంజినీరుగా చెప్తున్నా, సెంటిమెంటు కాసేపు పక్కన పెట్టండి. ఆ పలచటి సన్‌షేడ్ అందానికి మాత్రమే పలచన కాలేదు. 1982లో కొంత సడలించే దాకా సిమెంటు కంట్రోల్లో ఉండేది, పర్మిట్ మీద తెచ్చుకోవాలి. చాలాచోట్ల కమ్మీ మీద అంగుళం సిమెంటు కూడా ఉండదు. గాలీ తేమా లోపలికి దిగితే కమ్మీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. సముద్రం దగ్గరైతే ఉప్పు తోడవుతుంది. కింద నిలబడి సెల్ఫీ దిగేవాళ్ళు ఒకసారి పైకి చూసుకోండి.

అట్టాగని కొట్టేయడం ఒక్కటే దారి అనను. పాండిచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ అనే వసతి భవనం ఉంది. ఆంటోనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు డిజైన్, 1930ల చివర్లో మొదలుపెట్టారు. హైదరాబాదు దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా డబ్బొచ్చింది కాబట్టి ఆ పేరు. ఒట్టి కాంక్రీటు. కిటికీల బదులు గోడ పొడుగూతా అడ్డపలకలు, ఎండను బట్టి తిప్పుకోవచ్చు. ఇవాళ్టికీ జనం ఉంటున్నారు. కారణం ఒకటే, రోజూ చూసుకునే చేతులున్నాయి. మూలాపేటన్నా, ఆ మూడు బకెట్ల చోట డాబా మీద ఎన్నేళ్ళ కిందట రిపేరు చేయించారు?

మూలాపేట మిద్దె:
మా నాయన ఉన్నప్పుడు. ఆశ్రమానికి చేతులున్నాయి, నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు. ఒకడు బెంగుళూరు, ఒకడు డల్లాస్. రిపేరు అంటే ఇద్దరూ ఫోను పెట్టేస్తారు.

గచ్చు మేస్త్రీ కూతురు:
ఇంతసేపూ చదివా. పోర్టికో, జాలీ, డిజైను, డబ్బెవరిచ్చారు, అన్నీ వచ్చాయి. కట్టినవాళ్ళు రాలేదు.

మా నాయన మొజాయిక్ పని చేసేవాడు. పాలరాతి ముక్కలు సిమెంటులో కలిపి పరిచి, ఆరాక కార్బొరండం రాయితో చేత్తో రుద్దాలి. నీళ్ళు పోస్తూ, మోకాళ్ళ మీద, రోజుల తరబడి. ముందు గరుకు రాయి, తర్వాత నున్నటిది. సందులు పూడ్చి మళ్ళీ రుద్దాలి. ముసలితనంలో మా నాయన మోకాళ్ళు చూస్తే ఆ ఇళ్ళన్నీ గుర్తొచ్చేవి. ఓ ఇంట్లో హాలు మధ్యలో ఎర్ర ముక్కలతో తామరపువ్వు వేశాడు. గృహప్రవేశం రోజు మమ్మల్ని వెనక వాకిట్లో ఆకులేసి కూర్చోబెట్టారు. హాల్లోకి రానివ్వలేదు. పండగ చేసుకోండి, కాదనను. మీరు చెప్పే కథల్లో ఆ వెనక వాకిలి కూడా ఉంటుందా?

పెన్నాగట్టు:
అమ్మా, నిజమే. నేను ఇంటి ముందు కలుద్దాం అని రాశాను, ఇప్పుడు ఆ మాటే గుచ్చుకుంటోంది. మొదటి నడకకు మీరే రండి. ఆ తామరపువ్వు ఏ వీధిలో ఉందో చెప్పండి.

గచ్చు మేస్త్రీ కూతురు:
దాని మీద ఇప్పుడు ఆసుపత్రి ఉంది. టైల్స్ వేశారు.

కాఫీ హోటల్ మూల బల్ల:
నా జోకు వెనక్కి తీసుకుంటున్నా.

సైట్ ఇంజినీరు:
నాదొక మాట. ఫొటోలతో ఆపొద్దు. టేపు పట్టుకుని కొలతలు తీద్దాం. గది ఎత్తు, జాలీ ఏ దిక్కున ఉంది, సన్‌షేడ్ ఎంత బయటికొచ్చింది. ఇల్లు పోయినా ఆ కాగితం ఉంటే రేపు కట్టుకునేవాడికి పనికొస్తుంది. ఒంగోలు క్వార్టర్లకు నేనే వస్తా.

ఒంగోలు కాపురం:
రండి. తొందరగా రండి, రెండు వరసలు ఇప్పటికే ఖాళీ చేయించారు.

పెన్నాగట్టు:
ఈ మధ్య చండీగఢ్ కుర్చీల సంగతి చదివాను. ఆ ఊరి ఆఫీసుల కోసం పియేర్ జానెరే అనే ఆర్కిటెక్టు గీసిన టేకు కుర్చీలు. విరిగాయని తుక్కు కింద వేలం వేస్తే, విదేశాల్లో లక్షలకు అమ్ముడుపోయాయి. అదే ఊళ్ళో అసెంబ్లీ, హైకోర్టు, సెక్రటేరియట్ ఉన్న క్యాపిటల్ కాంప్లెక్స్‌కు 2016లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. విలువ మనకు తెలిసేలోపు సరుకు పడవెక్కేసింది. అందుకే నా తొందర.

మూలాపేట మిద్దె:
సరే. సంక్రాంతి తర్వాత మా ఇల్లు కొడుతున్నారు, అగ్రిమెంటు అయిపోయింది. అది మారదు, నాకు నచ్చచెప్పొద్దు. ఈ ఆదివారం ఆరున్నరకు రండి. ముందు గుమ్మంలోంచే అందరూ. మేస్త్రీ కూతురుగారూ, మా హాల్లో కూడా మొజాయిక్ ఉంది, ఎవరు చేశారో మాకు తెలియదు. మీరు చూస్తే చేతివాటం పట్టగలరేమో.

జాలీ బిళ్ళలు మాత్రం కావాల్సినవాళ్ళు శనివారం లోపల చెప్పండి. పాత సామాన్లతనికి తలుపులతో కలిపి బేరం మాట్లాడేశాను. టీ నాదే, టిఫిన్ మీరే తెచ్చుకోండి.