అప్‌డేట్: పెద్ద డిస్కులు వేయించలేదు, అయినా బ్రేకులు బాగుపడ్డాయి

అరకు నుంచి దిగుతుంటే డముకు వ్యూ పాయింట్ దాటాక నా చిన్న టర్బో హ్యాచ్‌బ్యాక్ కారు బ్రేక్ పెడల్ మెత్తబడి సగం దాకా దిగిపోయిందని, పెద్ద డిస్కులు, పెద్ద కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) వేయించాలా అని మొన్న అడిగాను. ముందు బ్రేక్ ఫ్లూయిడ్ చూడమన్న వాళ్లందరికీ నిజంగా థాంక్స్.

మీరన్నదే నిజమైంది. ఫ్లూయిడ్ మార్చి నాలుగేళ్లు దాటింది, టీ డికాషన్ రంగులోకి వచ్చేసింది. అది గాల్లోని తేమను పీల్చుకుంటుందట. నా బండిలో ఉన్న రకం, డాట్ 4 ఫ్లూయిడ్, కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు కానీ, తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే ఫ్లూయిడ్ పైపులో ఆవిరి బుడగలు, అందుకే పెడల్ మెత్తబడింది. ప్యాడ్లు వేడెక్కి పట్టు పోతే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఈ తేడా తెలియక నేను డిస్కుల మీద పడ్డాను.

ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే డాట్ 5.1 ఫ్లూయిడ్ పోయించి, ముందు చక్రాలకు మంచి ప్యాడ్లు వేయించాను. ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 10కి పది సార్లు తగ్గించి, ఎక్కడా పూర్తిగా ఆపకుండా ప్యాడ్లు కుదురుకోనిచ్చాను.

నిన్న అదే ఘాట్ రెండో గేర్‌లో దిగాను. శృంగవరపుకోట చేరేదాకా పెడల్ ఒకే ఎత్తులో నిలిచింది. పక్కన అమ్మ ఉంది, నాకు టెన్షనే లేదు. ఇక టైర్లు పాతబడ్డాయి, వచ్చే నెల వాటి వంతు.