అప్‌డేట్: అమరోనే వైన్‌లో మడ్డి, మంట – పాడవలేదు

పాత అమరోనే (ఇటలీ ఎర్ర వైన్) సీసా తెరిస్తే అడుగున నల్లటి మడ్డి, గొంతులో మంట, పైగా ఎండుద్రాక్ష తీపి, పాడైందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. సీసాలో మిగిలింది ఇటలీలోని వెరోనా ఊళ్లో ఒక వైన్ షాపాయనకు రుచి చూపిస్తే శుభ్రంగా ఉందన్నాడు.

అమరోనేకి కొర్వీనా, రొండినెల్లా రకాల ద్రాక్షను కోశాక నెలల తరబడి ఆరబెడతారు, బరువులో మూడో వంతు దాకా పోతుంది, చక్కెర చిక్కబడుతుంది, అందుకే ఆల్కహాల్ 15-16 శాతం, ఆ తీపి వాసనా అక్కడిదే, ఎవరూ ఏమీ కలపలేదు. మడ్డి పాత ఎర్ర వైన్లలో మామూలే.

రెండో సీసాకి పనిచేసింది ఇక్కడొకరు చెప్పిన పద్ధతే: ముందురోజే నిలబెట్టి, మడ్డి కదలకుండా వెడల్పు జగ్గులోకి వంచి, గంట ఆగి, 18 డిగ్రీల దగ్గర తాగడం. మంటకి కారణం జులై వేడికి వైన్ వెచ్చబడి ఆల్కహాల్ ఘాటు ఎక్కువ తెలియడం. కార్క్ చెడిందన్న అనుమానం, గ్లాసు మార్చమన్న సలహా దీనికి సంబంధం లేనివి.