నాన్నకి నిద్ర పడుతోంది, అన్నం తింటున్నారు, కానీ కుర్చీలోంచి లేవరు

ఎంవీపీ కాలనీ అమ్మాయి:
మా నాన్నగారికి 72. పోర్టులో చేసి రిటైరయ్యారు. కిందటేడు అమ్మ పోయింది, ఆ తర్వాత నాలుగైదు నెలలకి మనిషి బాగా డీలా పడిపోయారు. డాక్టరు డిప్రెషన్ అని మందులు మొదలుపెట్టి మూడు నెలలు దాటింది. ఇప్పుడు నిద్ర పడుతోంది, తింటున్నారు, అర్ధరాత్రి లేచి కూర్చుని ఏడవడం లేదు. పనులు మాత్రం ఒక్కటీ చేసుకోవట్లేదు. పొద్దున్నే అయిదున్నరకి బీచ్‌రోడ్డుకి వెళ్లి, వస్తూ వస్తూ రైతుబజారులో కూరలు తెచ్చే మనిషి ఇప్పుడు స్నానానికి మూడుసార్లు చెప్తే గాని లేవరు. కరెంటు బిల్లు, మందుల డబ్బా అన్నీ నేనే. మొన్న ఏటీఎం పిన్ అడిగితే "ఏమో, నాకేం తెలుసు" అన్నారు. మా అన్నయ్య బద్ధకం అంటాడు, పిన్ని మతిమరుపు జబ్బేమో అంటోంది. మందు పనిచేయట్లేదనుకోవాలా?

గాజువాక కోడలు:
మా అత్తగారిదీ ఇదే కథండి. మేం చేసిన తప్పు చెప్తాను. పాపం అని మంచినీళ్ల గ్లాసు దగ్గర్నుంచి చేతికే అందించాం, దాంతో ఆవిడ కుర్చీకే అతుక్కుపోయింది. తర్వాత డాక్టరమ్మ చెప్తే ఒకరోజు చిక్కుడుకాయలు పళ్లెంలో పోసి ముందు పెట్టాను, ఈనెలు తీయమని. నాలుగు కాయలు తీసి పక్కన పెట్టేసింది. మర్నాడు మళ్లీ పెట్టాను. ఆ వారం కూర నిండా నారే, పళ్లలో ఇరుక్కుంటున్నా ఎవరం నోరెత్తకుండా తిన్నాం. కాఫీ తనే కలుపుకునే రోజు రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది లెండి.

ఫిజియో, సీతమ్మధార:
మందు పనిచేయట్లేదని ఇప్పుడే అనుకోకండి. నేను చూసిన పెద్దవాళ్లలో చాలామందికి ముందు నిద్ర, ఆకలి కుదుటపడ్డాయి, పని చేసుకోవడం వెనకాల వచ్చింది. పనులు చేసుకోవడం తగ్గేటప్పుడు ముందు పోయేవి బజారు, బిల్లులు, ఫోన్లు, మందులు వేళకి వేసుకోవడం లాంటివి. స్నానం, బట్టలు మార్చుకోవడం దాకా వచ్చిందంటే బాగా కుంగిపోయారన్నమాట. పైగా నెలల తరబడి కూర్చుంటే తొడల్లో బలం పోతుంది, అప్పుడు మనసు లేవమన్నా కాళ్లు లేవనివ్వవు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి కూర్చోవడం పూటకి అయిదుసార్లతో మొదలుపెట్టించండి, పక్కన మీరుండాలి. పిన్ సంగతి ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. డిప్రెషన్‌లో "ఏమో తెలీదు" అని ప్రయత్నించకుండానే వదిలేయడం మామూలే, కానీ మతిమరుపు జబ్బు కూడా ఇలాగే మొదలవ్వచ్చు. డాక్టరుతో జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి, థైరాయిడ్, బి12 చూపించండి. రక్తంలో సోడియం కూడా, ఎందుకంటే ఈ వయసులో కొన్ని డిప్రెషన్ మందులకి అది తగ్గి మగతగా, తికమకగా ఉంటారు, తూలి పడతారు కూడా. అలాగని మందు మీరే ఆపేయకండి, బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడిస్తారు. మధ్యలో ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416కి చేయండి, టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. మన వైజాగ్‌లోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, అక్కడా చూపించుకోవచ్చు.

పెన్షనర్ 74:
అమ్మా, నేను అవతలి ఒడ్డు నుంచి చెప్తున్నాను. నాలుగేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి. బద్ధకం కాదమ్మా. బద్ధకస్తుడికి పడుకుంటే హాయిగా ఉంటుంది, నాకు అదీ లేదు. స్నానం అంటే మీకు ఒక పని. నాకు లేవాలి, తువ్వాలు వెతకాలి, గీజరు వెయ్యాలి, చొక్కా బొత్తాలు విప్పాలి, తడి నేల మీద జారకుండా నిలబడాలి, ఇన్ని తలుచుకునేసరికే అలిసిపోయి కూర్చునేవాణ్ణి. మా అబ్బాయి బాత్రూంలో ప్లాస్టిక్ స్టూలు వేసి, బకెట్‌లో నీళ్లు పట్టి, తువ్వాలు తగిలించి, "నాన్నా, నీళ్లు చల్లారిపోతాయి" అని ఒక్కసారి చెప్పి వెళ్లిపోయేవాడు. అది పనిచేసింది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కి బ్యాంకుకి నన్నే తీసుకెళ్లాడు, వేలిముద్ర మూడుసార్లు పడలేదు, బతికే ఉన్నానని మిషన్‌కి కూడా నమ్మకం కుదరలేదు! ఆ రోజు చాన్నాళ్లకి నవ్వాను. మీ అన్నయ్యని ఫోన్లో కాకుండా ఓ వారం వచ్చి ఉండమనండి.

ఎంవీపీ కాలనీ అమ్మాయి:
అందరికీ థాంక్స్ అండి. శనివారం డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. స్టూలు కొన్నాను. ఇవాళ పొద్దున్న బకెట్ పెట్టి ఒక్కసారే చెప్పి వంటింట్లోకి వచ్చేశాను, పావుగంట అలికిడి లేదు, నాకు ప్రాణం ఆగలేదు గాని వెళ్లలేదు. ఆఖరికి మగ్గు చప్పుడు వినిపించింది. షేవింగ్ డబ్బా తీసి చూస్తే బ్లేడు తుప్పు పట్టి ఉంది. రేపు వీధి చివర కొట్టుకి ఆయన్నే పంపుతాను, నేను గేటు దగ్గర నిలబడతాను.