2003 బోర్డో: ఒకే వైన్‌కి ఒకరు 20కి 12, ఇంకొకరు దాదాపు 100. ఎవరి మాట వినాలి?

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీలో ఉంటాను. మా బావగారికి బోర్డో రెడ్ వైన్లంటే ప్రాణం. ఆయన పుట్టినరోజుకి ఒక మంచి సీసా ఇద్దామని షాపుకి వెళ్తే 2003వి రెండు కనిపించాయి, ఒకటి సెయింట్ ఎమిలియన్, ఇంకోటి సెయింట్ ఎస్తెఫ్, రెండూ ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు ఊళ్లే. కొనే ముందు ఆ ఏడాది గురించి చదువుదామని కూర్చుంటే తల తిరిగిపోయింది. సెయింట్ ఎమిలియన్‌లోని షాటో పావీ (షాటో అంటే వైన్ తయారుచేసే ఎస్టేటు) 2003కి బ్రిటిష్ వైన్ విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ 20కి 12 వేసి పోర్ట్ వైన్‌లా తియ్యగా ఉందన్నారు, అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కరేమో అదే వైన్‌ని ఆకాశానికెత్తేసి వందకి దగ్గరగా మార్కులు వేశారు. ఇద్దరూ ఆషామాషీ మనుషులు కారు కదా, మరి ఇంత తేడా ఎలా వస్తుంది? నేను ఏ సీసా తీసుకోను?

ద్రాక్షగుత్తి:
ముందు మార్కుల సంగతి. 20కి 12 అంటే నూటికి 60 అని లెక్క కట్టకండి. రాబిన్సన్ స్కేల్లో 15 అంటే మామూలు వైన్, 12కి దిగిందంటే వైన్‌లో లోపమైనా ఉండాలి, సమతూకమైనా తప్పి ఉండాలి. పార్కర్ స్కేలు 50 దగ్గర మొదలవుతుంది, 96 గానీ ఆపైన గానీ వస్తే అసాధారణమని అర్థం. అంటే ఇద్దరి మధ్య ఉన్న తేడా పైకి కనిపించేదానికన్నా ఇంకా పెద్దదే.

ఈ గొడవ 2004 వసంతంలో జరిగింది. బోర్డోలో కోత అయిన మరుసటి వసంతంలోనే, వైన్ ఇంకా పీపాల్లో ఉండగానే విమర్శకులు వెళ్లి రుచి చూస్తారు, దాన్నే ఆన్ ప్రిమర్ అంటారు. అప్పటికి ఆ వైన్ వయసు ఓ ఆరు నెలలు, సీసాలోకి వెళ్లాలంటే ఇంకో ఏడాదైనా పడుతుంది. అయినా సరే ఆ మార్కుల్ని బట్టే షాటోలు చాలావరకు ధర కట్టేవి, కొనేవాళ్లు ముందే డబ్బు కట్టేసేవాళ్లు. ఇంత డబ్బు ముడిపడి ఉంది కాబట్టే మాటలు అంత ఘాటుగా నడిచాయి. పేరు చూసి తక్కువ వేశారేమో అన్న అనుమానం కూడా వచ్చింది, తాను బ్లైండ్‌గానే, అంటే ఏ వైనో తెలియకుండానే రుచి చూశానని రాబిన్సన్ బదులిచ్చారు.

నన్నడిగితే ఇద్దరికీ నాలుక మీద తగిలింది ఒకటే. బాగా మాగిన పండు, చిక్కదనం, తీపి ఛాయ. పార్కర్‌కి అదే గొప్ప, రాబిన్సన్‌కి అది బోర్డోకి తగని గుణం. అందుకే అంకెని పక్కన పెట్టి, దాంతోపాటు విమర్శకులు రాసిన వర్ణన చదవండి, మీ బావగారికి ఎలాంటిది ఇష్టమో తెలిస్తే సగం పని అయిపోతుంది.

రాత్రిబండి:
పార్కర్‌ని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. 1982 బోర్డో సంగతి గుర్తుందా? అప్పటికి ఆయన మేరీలాండ్‌లో లాయరుగా పనిచేస్తూ దాంతోపాటు వైన్ల మీద న్యూస్‌లెటర్ నడుపుకుంటున్న మనిషి. ఆ ఏడాది వైన్లు మరీ మెత్తగా ఉన్నాయి, నిలవవు అని శాన్‌ఫ్రాన్సిస్కోలో పేరున్న వైన్ విమర్శకుడు రాబర్ట్ ఫినిగన్ లాంటివాళ్లు పెదవి విరిస్తే, పార్కర్ మాత్రం ఇది మహా గొప్ప ఏడాది, కొనుక్కోండి అని గట్టిగా రాశారు. మూటాన్, లాటూర్, పిషాన్ లాలాండ్ లాంటి బోర్డో షాటోల వైన్లు, ఆ ఏడాదివి ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా జనం వెతుక్కుని మరీ కొంటున్నారు. ‘మరీ మాగింది’ అన్నంత మాత్రాన చెడ్డ వైన్ అయిపోదు. పావీ సంగతే చూడండి, 2012లో సెయింట్ ఎమిలియన్ షాటోలకి స్థాయిలిచ్చే వర్గీకరణలో అన్నిటికన్నా పై మెట్టు ఎక్కింది.

నల్లరేగడి:
రాత్రిబండి గారూ, 1982ని తెచ్చి 2003 పక్కన పెడితే ఎలాగండీ? 2003 ఆగస్టులో యూరప్ అంతా వడగాడ్పులు, ఫ్రాన్స్‌లో వేల మంది చనిపోయారు. ద్రాక్షలో చక్కెర గబగబా పెరిగిపోయింది, పులుపు పడిపోయింది. పులుపు చచ్చిన మామిడికాయతో ఆవకాయ పెడితే ఏడాది నిలుస్తుందా? అదీ కథ.

అందుకే ఆ ఏడాదికి మొత్తంగా ఒక మార్కు వేస్తే అది దేనికీ పనికిరాదు, ఊరు ఊరుకీ మారిపోయింది. సెయింట్ ఎమిలియన్ ఉన్న నది కుడి గట్టున మెర్లో ద్రాక్ష ఎక్కువ, అది త్వరగా మాగే రకం. అందులోనూ నీరు నిలవని ఇసుక నేలల్లో తీగలు బాగా దెబ్బతిన్నాయి. సెయింట్ ఎస్తెఫ్‌లో గులకరాళ్ల కింద బంకమట్టి ఉంటుంది, ఎండాకాలంలోనూ వేళ్లకి తడి అందుతుంది, పైగా అక్కడ ఎక్కువగా ఉండే కాబెర్నే సొవీన్యోన్ ద్రాక్ష నిదానంగా మాగుతుంది. 2003లో మెడాక్ (ఎడమ గట్టు ప్రాంతం) ఉత్తర భాగంలో సెయింట్ ఎస్తెఫ్ షాటోలైన మాంట్రోజ్, కోస్ దెస్తూర్నెల్, పక్క ఊరు పోయాక్‌లో లాటూర్ బాగా వచ్చాయని విమర్శకుల్లో చాలామంది ఒప్పుకున్నారు. పావీ మీద కొట్టుకున్నంతగా వీటి మీద ఎవరూ కొట్టుకోలేదు.

ఈమధ్యే ఒక సెయింట్ ఎస్తెఫ్ 2003 తెరిచాం. గ్లాసు వంచితే అంచు ఇటుక రంగులోకి తిరిగింది, వాసనలో పొగాకు, దేవదారు చెక్క, అడుగున ఎండు అంజీరలాంటి తీపి. ఇంకో పదేళ్లు దాచే వైన్ అనిపించలేదు కానీ ఆ రాత్రికి మాత్రం అద్భుతంగా ఉంది.

పెన్నాతీరం:
చాలా థాంక్సండీ. బావగారికి మరీ తియ్యగా ఉంటే పడదు, కాస్త వగరు తగలాలి అంటారు. అయితే సెయింట్ ఎస్తెఫే తీసుకుంటాను. కొనేటప్పుడు ఏమైనా చూసుకోవాలా?

ద్రాక్షగుత్తి:
సీసాని వెలుతురుకి పెట్టి వైన్ ఎంతవరకు ఉందో చూడండి. మెడలో ఉంటే మంచిది, భుజం కిందికి దిగిపోయి ఉంటే వదిలేయండి. ఇన్నాళ్లూ ఎక్కడ నిల్వ ఉంచారో షాపువాళ్లని అడగండి, సరిగ్గా చెప్పకపోతే అదే డబ్బుతో 2010 ఒకటి కొనడం నయం, అందులో పులుపూ వగరూ రెండూ గట్టిగా ఉంటాయి. 2009 మెత్తన, ఆయనకి నచ్చకపోవచ్చు. 2003 తీసుకుంటే మాత్రం తాగే ముందు రోజే సీసాని నిలబెట్టి ఉంచమనండి, మడ్డి అడుక్కి చేరుతుంది. మరీ ముందుగా తెరిచి గంటల తరబడి డికాంటర్‌లో (వైన్ ఒంపి గాలి తగలనిచ్చే గాజు పాత్ర) ఉంచొద్దు, ఆ వయసు వైన్‌కి అరగంట చాలు.