చీర్ పైన్ కాలిన వాలులో బాంజ్ ఓక్: కాయలు గుచ్చాలా, మొక్కలు నాటాలా?

వాననీడ:
ఉత్తరాఖండ్‌లోని కుమావూన్‌లో ఒక వన పంచాయతీ అడవి, అంటే ఊరివాళ్లే చూసుకునే అడవి. 1,700 మీటర్ల ఎత్తు, ఉత్తరం వైపు వాలు. పైనంతా చీర్ పైన్ (సూదుల్లాంటి ఆకులుండే హిమాలయ చెట్టు), ఏటా మంటలు. కింద కొన్ని పాత బాంజ్ ఓక్ చెట్లు (ఏడాదంతా ఆకుతో ఉండే హిమాలయ ఓక్), నరికిన మోళ్లు చాలా ఉన్నాయి. ముదురుతున్న ఎండలకు, కరువుకు బాంజ్ అయితేనే తట్టుకుంటుందంటున్నారు. నర్సరీ మొక్కలు మేలా, నేరుగా ఓక్ కాయలు నేలలో గుచ్చడం మేలా? విత్తనం ఎక్కడిది తేవాలి? ఎండిన ఊటలు తిరిగి వస్తాయన్నదాంట్లో నిజమెంత?

తల్లివేరు:
ముందు ఆ మోళ్ల సంగతి చూడండి. వేరు బతికున్న బాంజ్ మోడు మళ్లీ పిలకలు వేస్తుంది. మేకలు, ఆవులు రాకుండా కంచె కట్టి, రెండో ఏడు గట్టి పిలకలు రెండు మూడు ఉంచి మిగతావి కోసేయండి. వేరు అప్పటికే లోతుకు దిగి ఉంటుంది కాబట్టి వానలు ఆలస్యమైనా నిలుస్తాయి. ఏ నర్సరీ మొక్కకూ ఈ బలం ఉండదు.

ఖాళీల్లో కాయలు. నవంబరు నుంచి జనవరి దాకా రాలతాయి, అన్ని ఏళ్లూ ఒకేలా కాయవు. మొదట రాలినవాటిలో ముక్కు పురుగు పట్టినవే ఎక్కువ. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున తేలినవి పారేయండి. వేరుశనగలా ఎండబెట్టి గోతంలో పోశారంటే మొత్తం పోయినట్టే, తేమ తగ్గితే ఓక్ గింజ చచ్చిపోతుంది. వెంటనే గుచ్చలేకపోతే నీడలో, తడి ఇసుకలో ఉంచండి. పక్కకు పడుకోబెట్టి, గుంటకు రెండు చొప్పున, 3 సెంటీమీటర్ల లోతున పెట్టాలి.

నారుమడి:
పై మాటకు ఒక సవరణ. ముళ్లపంది, అడవి పంది, ఎలుకలు తిరిగే చోట గుచ్చిన కాయల్లో సగం కూడా మిగలకపోవచ్చు. అక్కడ మొక్కలే నయం, అయితే సంచి లోతు 25-30 సెంటీమీటర్లు ఉండాలి. బాంజ్ ఆకు కన్నా ముందు తల్లివేరును కిందికి దింపుతుంది. పొట్టి సంచిలో అది అడుగున చుట్ట చుట్టుకుంటుంది. అలాంటి మొక్క నాటిన ఏడాది పచ్చగానే కనిపించి, వేరు కింది తేమను అందుకోలేక తర్వాతి వేసవిలో ఎండిపోతుంది. తప్పు సంచిదైతే నింద వానమీదికి పోతుంది! నాటేది జూలైలో, నేల బాగా తడిశాకే.

కొమ్మల మీద గుండ్రటి బుడిపెలు చూసి జబ్బనుకుని చెట్టు నరకకండి. మన పచారీ కొట్టులో దొరికే మాచికాయ కూడా పశ్చిమాసియా ఓక్ మీద చిన్న కందిరీగ వల్ల వచ్చే బుడిపే.

ఊటనీరు:
విత్తనం ఒకే చెట్టుది వద్దు, కనీసం 20-30 చెట్ల నుంచి ఏరండి. ఎక్కువ భాగం స్థానికమే ఉండాలి. కొంత మాత్రం 200-300 మీటర్ల దిగువ నుంచి తేవచ్చు. ప్రతి 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీల తేడా కాబట్టి, ఆ చెట్లు రేపు మీ దగ్గరికి రాబోయే వేడిలో ఇప్పుడే బతుకుతున్నాయి. పూర్తిగా కింది విత్తనమే వేస్తే మంచు కాటుకు లేత చిగుళ్లు మాడే ప్రమాదం ఉంది.

ఊటల విషయంలో మాట ఇవ్వకండి. బాంజ్ ఆకు కుళ్లి నేలను స్పాంజిలా చేస్తుంది, వాన జారిపోకుండా ఇంకుతుంది. అది నిజమే. కానీ ఊట రావడం రాతి పొరల మీద కూడా ఆధారపడుతుంది, పైగా ఏడాదంతా ఆకుతో ఉండే చెట్టు తానూ నీరు తాగుతుంది.

వాననీడ:
మరి పైన్ చెట్లు తీసేయాలా అండి?

తల్లివేరు:
వద్దండి. 1,000 మీటర్ల పైన పచ్చి చెట్లు నరకడంపై 1981 నుంచి ఆంక్షలున్నాయి. పైగా ఆ పలుచని నీడే మొదటి ఏళ్లలో బాంజ్ మొక్కకు గొడుగు. సమస్యల్లా కింద పేరుకునే పిరుల్, అదే రాలిన పైన్ సూదులు: కాయను నేలకు తగలనివ్వదు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఫిబ్రవరి 15కు మంటల కాలం మొదలవుతుంది కదా, ఆలోపే ప్రతి మొక్క చుట్టూ మీటరు మేర ఊడ్చేయండి. సూదులు ఎక్కువగా రాలేది ఆ తర్వాతే, ఏప్రిల్, మే నెలల్లో ఇంకో రెండు సార్లైనా ఊడ్చాల్సి వస్తుంది.