పొట్ట బొమ్మ పెడితే ‘పొట్టు’ అవుతుందా? (వింత వంటల బొమ్మల పొడుపులు)

పదాలపిచ్చి:
‘వింత వంటలు - బొమ్మల పొడుపు’ అని నేను వారం వారం పెడుతున్న వాటి కింద గొడవలు ఎక్కువయ్యాయి. అందుకే విడిగా చర్చ మొదలుపెడుతున్నాను. కొత్తవాళ్ల కోసం: బొమ్మల పేర్లు వరసగా పైకి చదివితే ఓ వంట పేరు రావాలి. తలకాయ బొమ్మ, పక్కన తాడు లాగుతున్న మనుషులు, అంటే బుర్రగుంజు (మొలిచిన తాటిటెంకలో ఉండే తెల్లటి గుజ్జు). బొంగరంలో ‘రం’ కొట్టేసి పక్కన కోడి పెడితే బొంగు చికెన్. నియమాలు రెండే. జవాబు మర్నాటిదాకా నేను చెప్పను. ఆ వంట ముందే తెలిసినవాళ్లు చెప్పేయకూడదు. ఈసారి పనసకాయ, దాని పక్కన పొట్ట పెట్టాను. పనసపొట్టు కూర. ఇది చెల్లదని ఒకాయన ఒకటే పట్టు. మీరే తేల్చండి.

గోదారిగట్టు:
ఆ ఒకాయన నేనేనండి. చెల్లదు. పొట్ట వేరు, పొట్టు వేరు. గుణింతం మారితే మాటే మారిపోతుంది. ఆ లెక్కన బొంగరంలోంచి ‘రం’ తీస్తే మిగిలేది ‘బొంగ’. అదేం కూరండీ?

నిద్రలేని_పిల్లి:
బొంగ చికెన్ ఒక ప్లేటు.

పదాలపిచ్చి:
గోదారి గారూ, గుణింతం పట్టుకు వేలాడితే తెలుగులో ఒక్క పొడుపూ కట్టలేం. వంటల పేర్లు అలాగే ఉంటాయి, వాటికి సరిగ్గా సరిపడే బొమ్మలు దొరకవు. చివరి గుణింతం చూసీ చూడనట్టు వదిలేయాలి. బుర్ర ఉన్నవాళ్లు పట్టేస్తారు.

గోదారిగట్టు:
నాకు బుర్ర లేదనా? సరే, మీ పాత పొడుపు తీద్దాం. మామిడిపూత బొమ్మ, కప్పుకి వేసే ఇనప రేకులు. జవాబు పూతరేకులు. ఇక్కడ గుణింతం కుదిరింది, ఒప్పుకుంటా. కానీ అది మామిడిపూతా అండీ? బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క విసురు లాగుతారు. ఆ పూత క్షణంలో ఆరి రేకై లేస్తుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. కుండా గుడ్డా వేయాల్సిన చోట మీరు మామిడికొమ్మ వేశారు. మా అబ్బాయి అది చూసి పూతరేకుల్లో మామిడిపువ్వు కలుపుతారా అని అడిగాడు.

పదాలపిచ్చి:
కుండా గుడ్డా వేస్తే అది తయారీ విధానం అవుతుంది, పొడుపు కాదు. శబ్దం ఒకటి, అర్థం ఇంకొకటి, ఆట అంతా అందులోనే ఉంది.

రాతిరోలు:
నాది కూడ ఒక కేసు ఉంది. పోస్టుడబ్బా, పక్కన చెక్క పలక పెట్టిన్రు. తపాలా, చెక్క. తపాలచెక్క. నేను సర్వపిండి అని రాసిన. ‘తప్పు’ అని ఎర్రగీత కొట్టిన్రు. అన్నా, రెండూ ఒకటే కదనే! బియ్యప్పిండిల నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి, గిన్నె అడుగుకు పల్చగ ఒత్తి, వేలితోటి బొక్కలు పెట్టి నూనె పోస్తరు. గిన్నప్ప అని కూడ అంటరు. నేను చిన్నప్పటి సంది తింటున్న దాని పేరు నాకే తప్పని చెప్తిరి.

పదాలపిచ్చి:
వంట ఒకటే కావచ్చు, బొమ్మలు పలికే మాట మాత్రం తపాలచెక్కే. ‘సర్వ’ అనే బొమ్మ అక్కడ లేదు కదా తమ్ముడూ.

రాతిరోలు:
ఓహో. పొట్టకు పొట్టు నడుస్తది, తపాలచెక్కకు సర్వపిండి నడవది. మంచిగుంది.

అరటిదొప్ప:
నేను జవాబుల కోసం వస్తాను. పోయిన వారం గుర్రం మీద చారలు ఉన్న బొమ్మకి జవాబు ఉలవచారేనా? నేను జీబ్రా అని రాశాను.

తొలకరి:
ఇంతమంది మాట్లాడారు, ఉసుళ్ల (రెక్కల చెదపురుగుల) పొడుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. ‘ఉ’ అక్షరం, పక్కన ఏట్లో సుళ్లు. బొమ్మ బాగానే కట్టారు, మేం ఈసుళ్లంటాం, అది వేరే సంగతి. కానీ చివర ఆ వాంతి చేసుకుంటున్న మొహం ఎందుకు పెట్టారు? అది ఏ అక్షరం?

పదాలపిచ్చి:
అది సూచన అమ్మా. పురుగుల వంట అని తెలియడానికి. సరదాకి.

తొలకరి:
నేను చూసీ చూడగానే గుర్తుపట్టాను. జవాబు రాస్తే తీసేశారు. ‘తెలిసినవాళ్లు చెప్పొద్దు’ అన్నారు. సరే అని ఊరుకున్నాను. ఆ రోజంతా కింద ఏం రాశారో చదివారా? ‘ఇది తినేవాళ్లు మనుషులేనా’ అని ఒకరు. ‘కరువు రోజుల తిండి’ అని ఇంకొకరు. వాటిని మాత్రం తీయలేదు. తినేదాన్ని నేను నోరు మూసుకుని కూర్చోవాలి, ఎప్పుడూ చూడనివాళ్లు ఎన్నైనా అనొచ్చు. ఇదీ మీ ఆట.

నిద్రలేని_పిల్లి:
అమ్మో, ఇది సీరియస్ అయ్యింది.

పదాలపిచ్చి:
అక్కడ రాసినవాళ్ల మాటలకి నేను పూచీ కాదు. జవాబు ముందే చెప్పేస్తే ఊహించడానికి ఏం మిగులుతుంది? అయినా రెక్కల చెదపురుగుల్ని తినడం వింత కాకపోతే ఏమిటి? పదిమందిని అడగండి.

రాతిరోలు:
ఏ పదిమందిని అడగమంటవ్ అన్నా? ఒడిశాలున్న మయూర్‌భంజ్ ల అడుగు. అక్కడ ఎర్రచీమల పచ్చడికి 2024ల జీఐ గుర్తింపు వచ్చింది. ఆళ్లకు నువ్వు తినేది వింత కావొచ్చు. ఇంకో మాట. ఇన్ని పొడుపులు పెట్టినవ్, మీ ఇంట్ల వండేది ఒక్కటన్న పెట్టినవా?

పదాలపిచ్చి:
మా ఇంట్లో వింత వంటలేం ఉండవు తమ్ముడూ. మామూలు భోజనమే.

తొలకరి:
ఇదిగో, ఇప్పుడు బయటికొచ్చింది. మీ ఇంట్లోది భోజనం, మా ఇంట్లోది పొడుపు.

గోదారిగట్టు:
నేనూ అదే అడుగుదామనుకున్నా. పనసపొట్టు ఆవ పెట్టి వండితే మా పెళ్లిళ్లలో విస్తరి మీద ముందు అదే ఖాళీ అవుతుంది. అది వింతల్లో ఎందుకు చేరింది?

రాతిరోలు:
గట్ల చెప్పు. నీ మంట గుణింతం మీద కాదన్నట్టు.

గోదారిగట్టు:
గుణింతం మీదేనండి. అది వేరు, ఇది వేరు. కలపకండి.

పదాలపిచ్చి:
అందరూ కలిసి నన్ను దోషిని చేస్తున్నారు. ఈ పొడుపులు లేకపోతే బుర్రగుంజు అనే మాట ఇక్కడ ఎంతమందికి తెలిసేది? ఉసుళ్ల గురించి కూడా నలుగురికి తెలిసింది నా వల్లే.

తొలకరి:
ఏం తెలిసింది? పేరు తెలిసింది, మొహం చిట్లించడం తెలిసింది. తొలి వానలు పడ్డాక సాయంత్రం పుట్టల్లోంచి లేస్తాయనీ, దీపం దగ్గర పట్టి వేయించి, చేటలో చెరిగితే రెక్కలు ఎగిరిపోతాయనీ, ఉప్పూ కారం వేసి బొరుగులతో కలుపుకుంటే బాగుంటాయనీ ఎవరికి తెలిసింది? అవన్నీ నేను రాసిన జవాబులో ఉన్నాయి. దాన్నే మీరు తీసేశారు. సరే, నేనూ ఒక పొడుపు పెడతా. పెరుగుతున్న మొక్క, పక్కన అన్నయ్య, చివర ముక్కు మూసుకున్న మొహం. వింత వంట. విరిగి పులిసిన పాలు పిసుక్కుని తింటారట. తెలిసినవాళ్లు రేపటిదాకా చెప్పకండి.

అరటిదొప్ప:
పెరుగన్నం!! అయ్యో, చెప్పేశానా.

గోదారిగట్టు:
తొలకరి గారూ, అన్నకి సున్నా లేదండి. చెల్లదు.

పదాలపిచ్చి:
పెరుగన్నాన్ని పురుగులతో పోల్చడం ఏం బాగాలేదు. సర్లెండి, ఆ వాంతి మొహం తీసేస్తాను. పైన ‘వింత’ తీయాలంటే ఆలోచిస్తా. తెలిసినవాళ్లు చెప్పకూడదన్న నియమం మాత్రం ఉంటుంది, అది లేకపోతే ఇక పొడుపే లేదు.

తొలకరి:
ఉంచుకోండి. మా వంట వచ్చిన ప్రతిసారీ నేను జవాబు రాస్తాను, వండే పద్ధతితో సహా. మీరు తీసేస్తూ ఉండండి.